కంఠతా వచ్చిన సందేహం

శ్రేయాస్‌కి సందేహం ఇంకా కంఠతా రాలేదు. తల్లిదండ్రుల ముందు డెమో గంటలో మొదలవుతుంది.

"మళ్ళీ చెప్పు నాన్నా," అంది నీహారిక వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని. "ఐ హ్యావ్ ఎ డిఫరెంట్ పర్‌స్పెక్టివ్."

"ఐ హ్యావ్ ఎ డిఫరెంట్..." ఐదేళ్ళ శ్రేయాస్ అక్కడ ఆగాడు. "ఆంటీ, నాకు పీ వస్తోంది."

"పర్‌స్పెక్టివ్ అయినంక పోదువు."

డాలస్ పక్కన కాపెల్‌లో ఇండియన్ కిరాణా కొట్టుకీ ఐబ్రో త్రెడింగ్ షాపుకీ మధ్య ఉంది ప్రశ్నవనం. చిన్నపిల్లలకి క్రిటికల్ థింకింగ్ నేర్పిస్తారు. నెలకి మూడువందల నలభై డాలర్లు. ఈ ఊళ్ళో తెలుగు పిల్లలు పుట్టిన వారానికి లెక్కల క్లాసులోనూ, నెల తిరిగేసరికి స్పెల్లింగ్‌లోనూ, బోర్లాపడే లోపు చెస్‌లోనూ చేరిపోతారు. ఇక మిగిలింది ఆలోచించడం ఒక్కటే. దాన్ని కూడా శనివారం పదకొండు నుంచి పన్నెండు దాకా పెట్టేసి తల్లిదండ్రులు చేతులు దులుపుకున్నారు.

గోడ మీద పెద్ద పోస్టరు: 'ప్రతిదాన్నీ ప్రశ్నించు'. దాని కిందే ఇంకోటి: 'పర్మిషన్ లేకుండా మాట్లాడకు'. ఒకటి కొంటే ఇంకోటి ఫ్రీగా వచ్చింది.

యజమాని దివాకర్ ఇంతకుముందు ఇన్సూరెన్స్ అమ్మాడు, ఆ తర్వాత ఇళ్ళు అమ్మాడు. ఇప్పుడు ఆలోచన అమ్ముతున్నాడు. తను మాత్రం జీవితంలో "కార్డా, చెక్కా?" అన్న ప్రశ్న తప్ప ఇంకోటి అడిగి ఎరగడు. ఆయన కనిపెట్టిన పద్ధతి తేలిక. టీచర్ తన చెవి ముట్టుకుంటుంది. వంతు వచ్చిన పిల్లవాడు కనుబొమలు ముడిచి, గడ్డం కింద వేలు పెట్టుకుని "బట్ వై?" అంటాడు. వేలు మరిచిపోతే ఆ ఆలోచన చెల్లదు.

నీహారిక కరీంనగర్‌లో ఫిజిక్స్ లెక్చరర్. ఉద్యోగం చెయ్యనివ్వని హెచ్-ఫోర్ వీసా మీద వచ్చి ఆరేళ్ళు ఇంట్లో కూర్చుంది. వర్క్ పర్మిట్ వచ్చాక ఏ స్కూలుకి వెళ్ళినా ఇక్కడి సర్టిఫికెట్ ఉందా అన్నారు. ప్రశ్నవనంలో ఏమీ అడగలేదు, అడగడం అక్కడి అలవాటు కాదు. గంటకి పదమూడు డాలర్లు. మొదటి జీతంతో, మొగుడిని అడక్కుండా, ఒక జత బూట్లు కొనుక్కుంది. ఇప్పుడు ఆ బూట్లతోనే వచ్చి ఐదేళ్ళ పిల్లలకి సందేహాలు బట్టీ వేయిస్తోంది.

దివాకర్ లోపలికి వచ్చాడు. చేతిలో సమోసాల ట్రే.

"ఆ ప్రణవిని వెనక రూమ్‌లో కూర్చోబెట్టమ్మా. ఐప్యాడ్ ఇచ్చెయ్. డెమో అయ్యేదాకా బయటికి రాకూడదు."

"ఎందుకు సార్?"

"ఎందుకేంటమ్మా? పోయిన వారం చూశాంగా."

పోయిన వారం కార్డు మీద నాలుగు బొమ్మలు: ఆపిల్, అరటిపండు, క్యారెట్, మామిడిపండు. వీటిలో వేరైనది ఏది? ఆరేళ్ళ ప్రణవి మామిడిపండు అంది. మిగతా మూడూ వాళ్ళ ఫ్రిజ్‌లో ఉన్నాయట, మామిడిపండు ఒక్కటే లేదట. సరిగ్గా అప్పుడే కొత్త అడ్మిషన్ కోసం వచ్చిన తండ్రి ఒకాయన అది విని, ఇంకా ఆలోచించుకుని చెప్తానని వెళ్ళిపోయాడు. ఆయన ఆలోచించుకోవడం దివాకర్‌కి అస్సలు నచ్చలేదు.

"ఆ పిల్ల తప్పేం చెప్పలే సార్. కారణం గూడ చెప్పింది గద."

"కారణం ఎవరడిగారమ్మా? కీ షీట్‌లో క్యారెట్ ఉంది. క్రిటికల్ థింకింగ్‌లో ఒకటే ఆన్సర్ ఉంటుంది." దివాకర్ గొంతు తగ్గించాడు. "డెమో అవగానే వాళ్ళమ్మ ఉమ గారికి నువ్వే చెప్పాలి. పాపకి థింకింగ్ వీక్, ఫోకస్ బ్యాచ్‌లో వెయ్యాలి, ఎక్స్‌ట్రా టూ హండ్రెడ్ అని. నేను చెప్తే బిజినెస్ అనుకుంటారు. టీచర్ చెప్తే భయపడతారు."

"నేను చెప్పకుంటే?"

"సమ్మర్‌లో నీకు అవర్స్ ఉండవు. ఐయామ్ జస్ట్ సేయింగ్."

నీహారిక ప్రణవి చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్ళింది.

"నేనేం చేశాను ఆంటీ?"

"ఏం చెయ్యలే బిడ్డా." తలుపు వేసింది.

తల్లిదండ్రులు వచ్చారు. ఆ గదిలో ఉన్న మాస్టర్స్ డిగ్రీలని కరిగించి పోస్తే డాలస్ నుంచి హ్యూస్టన్ దాకా రోడ్డు వెయ్యొచ్చు. మొదటి ప్రశ్న వంతు వచ్చిన విహాన్ తండ్రి రఘు ట్రైపాడ్ తెచ్చుకున్నాడు. ఉమకి మాత్రం కూతురు కనిపించలేదు. "వన్ ఆన్ వన్ అసెస్‌మెంట్‌లో ఉందండీ," అన్నాడు దివాకర్. అంత పెద్ద మాట వినగానే ఉమ గర్వంగా కూర్చుంది.

బల్ల మీద గాజుగ్లాసు, అందులో నీళ్ళు, నీళ్ళ మీద ఐసు ముక్క. దివాకర్ ఉపన్యాసం మొదలుపెట్టాడు. కరెంటు బిల్లుకి భయపడి ఏసీ తగ్గించాడు గానీ మాట తగ్గించలేదు. ఆదిమానవుడు నిప్పు కనిపెట్టడం దగ్గర మొదలుపెట్టి ఏఐ దాకా వచ్చేసరికి ముందు వరసలో ఒకాయన చొక్కా తడిసిపోయింది.

ఐసు కూడా కరిగిపోయింది.

నీహారిక చూసింది. గ్లాసులో ఉత్త నీళ్ళు. దివాకర్ వైపు చూసింది. ఆయన కానిమ్మన్నట్టు తల ఊపాడు. ఆమె కొత్త బూట్ల వైపు ఒకసారి చూసుకుని చెవి ముట్టుకుంది.

విహాన్ లేచాడు. కనుబొమలు, వేలు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. "ఐస్ వాటర్ మీద ఫ్లోట్ అవుతుంది. బట్ వై?"

చప్పట్ల మోతకి పక్క షాపులో ఎవరిదో కనుబొమ అవసరానికి మించి ఊడి ఉంటుంది.

"ఐ హ్యావ్ ఎ డిఫరెంట్ పర్‌స్పెక్టివ్," అన్నాడు శ్రేయాస్. ఆ పర్‌స్పెక్టివ్ ఏమిటో స్క్రిప్టులో లేదు. ఎవరూ అడగనూ లేదు. రఘు కళ్ళు తుడుచుకున్నాడు.

వెనక తలుపు తెరుచుకుంది. ఛార్జింగ్ అయిపోయిన ఐప్యాడ్ పట్టుకుని ప్రణవి వచ్చింది. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి, గ్లాసు చుట్టూ తిరిగి, బల్ల కిందికి వంగి కూడా చూసింది.

"ఆంటీ, ఐస్ ఎక్కడుంది?"

గదిలో అందరూ గ్లాసు వంక చూశారు. చదువుకున్నవాళ్ళు కాబట్టి ఎవరూ నోరు మెదపలేదు.

దివాకర్ ముందు తేరుకుని చప్పట్లు కొట్టాడు. "వావ్! దిస్ ఈజ్ ప్రశ్నవనం! చూశారా, ఎలా అబ్జర్వ్ చేయిస్తామో!"

ఇంజనీర్లందరి ప్రాణం కుదుటపడింది. ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టి, అడ్మిషన్ల కోసం కౌంటర్ దగ్గర వరస కట్టారు. పిల్లలు సమోసాల మీద పడ్డారు.

"సూపర్ లైన్," అన్నాడు దివాకర్ నీహారిక చెవిలో. "వచ్చే డెమోలో ఐస్‌ని కావాలనే కరగనిద్దాం. ఇది శ్రేయాస్‌తో అడిగిద్దాం. వచ్చే శనివారం నుంచి ప్రాక్టీస్ చేయించు."

"మరి ప్రణవి?"

"డెలివరీ బాలేదమ్మా. గడ్డం కింద వేలు ఏది? అదిగో, వాళ్ళమ్మ వస్తోంది. చెప్పెయ్."

ఉమ సాఫ్ట్‌వేర్ టెస్టర్. వారమంతా పక్కవాళ్ళ కోడ్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. క్రెడిట్ కార్డు అప్పటికే చేతిలో పట్టుకుని వచ్చింది. "ఎలా ఉందండీ మా పాప? నిజం చెప్పండి. కొంచెం స్లోనా? మేమిద్దరం ఎంత చెప్పినా ప్రతిదానికీ ఎదురు మాట్లాడుతుంది. ఏదైనా ఎక్స్‌ట్రా క్లాస్ ఉంటే వేసేస్తాం."

నీహారిక ప్రణవి వైపు తిరిగింది.

ఉమ వెనక నిలబడ్డ దివాకర్ తన చెవి ముట్టుకున్నాడు.

గది అవతల విహాన్ సమోసా నములుతూనే కనుబొమలు ముడిచాడు. గడ్డం కింద వేలు పెట్టాడు. "బట్ వై?"

"నేను చెప్ప సార్," అంది నీహారిక.

"ఏంటి చెప్పనంటున్నారు?" అంది ఉమ.

"ఏం లేదండీ, షీ ఈజ్ టయర్డ్." దివాకర్ నవ్వుతూ, చెవిని ఈసారి గట్టిగా లాగాడు.

పిల్లలందరూ ఒక్కసారిగా, "బట్ వై?"

"మీ పాప మంచిగ ఆలోచిస్తది ఉమ గారూ," అంది నీహారిక. "గందుకే లోపల పెట్టిన్రు. తలుపేసింది నేనే. ఇగ వెయ్య."

ఉమ దివాకర్ వైపు తిరిగింది. కార్డు ముందుకి ఇవ్వలేదు, వెనక్కీ తీసుకోలేదు. కౌంటర్ దగ్గర వరసలో ఉన్నవాళ్ళు, ఏం జరిగిందో అడక్కుండా, తమ చోటు పోకుండా చూసుకున్నారు.

ప్రణవి చొక్కా చెయ్యి పైకి మడిచి, గ్లాసులో వేళ్ళు ముంచి ఇంకా వెతుకుతోంది. దివాకర్ చెయ్యి ఇంకా చెవి దగ్గరే ఉంది. దించుదామంటే ఈసారి నిజంగానే దురద పెడుతోంది.