హాజరు బుక్కుల తమ్ముని పేరు

తొంభై ఆరు సంవత్సరం, మార్చి ఇరవై ఆరు. ఖారాబందర్ మున్సిపాల్టీల ఆ దినం బడ్జెట్ మీటింగు. ఖారాబందర్ అంటె పెద్ద పట్నం అనుకునేరు, కాదు. సూరత్‌ల బస్సెక్కితె గంట. ఒక దిక్కు సముద్రం, ఇంకో దిక్కు ఉప్పు మళ్ళు, నడుమ పదకొండు గల్లీలు, అంతే. బాయి ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. తాగే నీళ్ళు దూరం నుంచి పైపుల వచ్చి ఊరి బయట టాంకీల పడాలె, అక్కడి నుంచి ఒక్కో గల్లీకి వాల్వు తిప్పి వదలాలె. గా తిప్పెటోడే మన ముత్యం.

ముత్యానిది సిరిసిల్ల దిక్కు, సాలోళ్ళ ఇల్లు. మూతి మీద మీసం రాకముందే సూరత్ వచ్చి పవర్‌లూముల మీద నిలవడ్డడు. పద్నాలుగేండ్లు ఆ సాంచాల సప్పుడుల ఉంటె చెవులేం మిగులుతయి? రెండూ పోయినయి. ఎదుటోని పెదవులు సూసి మాట పట్టుకుంటడు, తను మాట్లాడితె మాత్రం గల్లీ అంత ఇనవడెటట్టు అరుస్తడు. దారం తెగిన సప్పుడు ఇనవడనోడు నాకెందుకని కార్ఖానా షేటు ఎల్లగొట్టిండు. అప్పుడు వచ్చి వడ్డడు ఇక్కడ, దినానికింత కూలి మీద. టాంకీ పక్కపొంటి రేకుల రూముల ముత్యం, పెండ్లాం భూదేవి. తొమ్మిదేండ్లయింది.

ఇగ అసలు సంగతి. పనిల చేరిననాడే మున్సిపాల్టీ బడాబాబు, అంటె పెద్ద గుమస్తా హస్ముఖ్‌భాయ్, పాన్ నములుకుంట చెప్పిండు:

"ఒక్క పేరు మీద ఆర్నెల్లకంటె ఎక్కువ హాజరు రాయ. రాస్తె రేపు పర్మనెంటు చెయ్యుమని కోర్టుకెక్కుతరు మీరు. ఇంకో పేరు చెప్పు."

అక్కడ అందరిదీ అదే కథ. ఊడ్చే ఆడోళ్ళు ఆర్నెల్లు తమ పేరు, ఆర్నెల్లు అత్త పేరో ఆడిబిడ్డ పేరో రాయించుకుంటుండ్రి. ముత్యం తమ్ముని పేరు చెప్పిండు, సోమలింగం అని. జూన్ ఆఖరు దాక ముత్యం, జులై ఒకటి నుంచి సోమలింగం. సంతకం గూడ గట్లనే నేర్చుకున్నడు. బడాబాబు "సోమలింగం" అని పిలిస్తె చెయ్యి లేపి "హాజర్ సాహెబ్" అనుడే. తర్వాత బడాబాబుకు షుగర్ వచ్చింది, బద్ధకం దానెంబడి వచ్చింది. వాల్వు పేజీల ఒక్కడే గదని ఈని పేరు మార్చుడు బంద్ చేసిండు, ఊడ్చేటోళ్ళయి మాత్రం మార్చుకుంటనే పోయిండు. మూడేండ్ల సంది బుక్కుల ముత్యం అనేటోడే లేడు. దినాం సోమలింగమే.

మీటింగుల చాయ్ పోసుడు గూడ ముత్యం పనే. చెవిటోడు గద, లోపటి మాటలు బయటికి పోవని వాళ్ళ నమ్మకం. పద్నాలుగు మంది మెంబర్లు, నడుమ ప్రముఖ్, అంటె చైర్మన్, ఠాకోర్‌భాయ్. ఈయనకు ఐస్ ఫ్యాక్టరీ ఉన్నది. ముత్యం కప్పులు పెట్టుకుంట ఒక్కొక్క మూతే సూస్తున్నడు.

ముందుగాల సముద్రం ఒడ్డున బెంచీల ముచ్చట తీసిండ్రు. ఆకుపచ్చ రంగా, నీలం రంగా? అరగంట కొట్లాడిండ్రు. అటెనుక ప్రముఖ్ జీపు డీజిల్ డబల్ చేసిండ్రు, ఎవ్వరు కిక్కురుమనలే. అప్పుడు వచ్చింది జీతాల కాయితం. మూడేండ్లు తెగకుండ హాజరున్న కూలోళ్ళను పర్మనెంటు చెయ్యుండ్రి, నాలుగు పోస్టుల దాక చేసుకోవచ్చని పైనుంచి వచ్చిన ఆర్డరు.

"నాలుగా? మరి బెంచీల లైట్లకు పైసలేడికెళ్ళి వస్తయి?" అన్నడు ప్రముఖ్. "ఒక్కటి ఉంచు. మూడు కొట్టెయ్."

"సాహెబ్, ఊడ్చేటోళ్ళు ఎనమండుగురు ఆశ మీద ఉన్నరు," అన్నడు ఒక ముసలి మెంబరు.

"వాళ్ళు పర్మనెంటైతె చీపురు పట్టరు, కుర్చీ అడుగుతరు. ఇంతకూ బుక్కుల మూడేండ్లు తెగకుండ ఎవరున్నరు?"

బడాబాబు బుక్కు తిరగేసిండు. "ఒక్కడే సాహెబ్. సోమలింగం, వాల్వు మనిషి."

"గాడెవడు?"

బడాబాబు పెన్నుతోటి ముత్యాన్ని సూపిచ్చిండు. అందరు పొట్టలు వట్టుకొని నవ్విండ్రు. "వీడు ముత్యం గాదూ? చెవులతోటి పాటు పేరు గూడ పోయిందా? ఏదైతేంది, మద్రాసీ పేర్లు, మనకు ఎట్లాగు నోరు తిరుగది. పాస్!" అన్నడు ప్రముఖ్.

బెంచీల రంగుకు అరగంట, ఈని బతుకుకు రెండు నిమిషాలు. కప్పు నిండినంక గూడ ముత్యం పోస్తనే ఉన్నడు, చాయ్ టేబుల్ మీద ఒలికింది. డీఏతోటి కలిపి నెలకు రెండువేల పైచిలుకు, ముసలితనంల పింఛిని, ఎవ్వడు ఎల్లగొట్టని రూము. కూలి లెక్కన పన్నెండొందలు గూడ అయితలేవు ఇప్పుడు.

ప్రముఖ్ ఏలు వెట్టి పిలిచిండు. "బయట ఆడోళ్ళు కూసున్నరు. వాళ్ళకు లేదని నువ్వే పోయి చెప్పు. నోరు పెద్దది గద నీది."

వరండల ఎనమండుగురు లేసి నిలవడ్డరు. ముత్యం చెప్పిండు. ఎంత ఆపుకున్నా మూతి చివరన నవ్వు ఆగుతలేదు. ఒకామె దగ్గరికొచ్చి, ఈనికి పెదవులు కనవడెటట్టు నిలవడి, మెల్లగ అన్నది:

"ముందు నీ మొఖం మీది నవ్వు తుడుసుకో ముత్యా, తర్వాత మాకు చెప్పు."

ఇంటికచ్చి భూదేవికి చెప్తె, ఆమె బియ్యం ఏరుడు ఆపలేదు.

"నీ పేరు మీద వచ్చిందా?"

"తమ్ముని పేరు మీద. ఏదైతేంది, మనిషిని నేనే గద."

"మనిషివి నువ్వే. మరి రేషన్ కార్డు, ఇస్కూలు కాయితం ఎవలవి అడుగుతరు?"

"తమ్మునియి. ఎనిమిదో తారీకు లోపట ఇయ్యాలె. తెస్త. వాడిస్తడు."

భూదేవి చేట పక్కకు పెట్టింది. "నువ్వు ఇప్పుడే ఆ సాహెబు తాన నిజం చెప్పుకోరాదూ? నేను ముత్యాన్ని, పని చేసింది నేను అని?"

"చెప్తె ఉన్నది గూడ కొట్టేస్తరే, పిచ్చిదానా."

తెల్లారి సూరత్ రింగ్ రోడ్డు పోయిండు. సోమలింగం అక్కడ బట్టల మార్కెట్ల చీరెల మూటలు మోస్తడు. వాడు నడిపిన సాంచాలు బంద్ పడ్డప్పటి సంది అదే పని, నడుముకు పట్టీ కట్టుకొని మూడు అంతస్తులు ఎక్కుడు. అవ్వ సచ్చిపోయినంక ముత్యమే తెచ్చి పెంచిండు తమ్మున్ని. తన పళ్ళెంల బువ్వ వాని పళ్ళెంలకు దొబ్బిన దినాలు లెక్కనే లేదు. అందుకనే అడిగేటప్పుడు గూడ అడిగినట్టు అడగలే, పెట్టెల నుంచి అంగి తీసియ్యి అన్నంత అల్కగ అన్నడు.

సోమలింగం మూట దించి అంతా ఇన్నడు. మూడే మాటలడిగిండు.

"జీతమెంతన్నా?"

"రెండువేల పైన, తమ్మీ."

"రూము గూడ ఇస్తరా?"

"ఇస్తరు."

"పింఛిని?"

"అది గూడ."

తమ్ముడు మెడ మీది చెమట తుడుసుకున్నడు. "సరే అన్నా. నువ్వు మళ్ళ రాకు, బస్సు కిరాయి దండుగ. ఎనిమిదో తారీకు సోమవారం నేనే పట్టుకొని వస్త."

వచ్చిండు. ఏప్రిల్ ఎనిమిది, సోమవారం. ఇస్త్రీ చేసిన తెల్లంగి, నూనె పెట్టి దువ్విన తల, జేబుల నాలుగు ఫోటోలు. ముత్యం ఎదురుపోయి కాయితాల కోసం చెయ్యి చాపితె, ఆ చెయ్యి పక్కపొంటి నడిచి సీదా బడాబాబు టేబుల్ కాడికి పోయిండు. "నేనే సోమలింగాన్ని," అన్నడు.

ముత్యం వాని పెదవులు సూసిండు. తప్పు సూసిన్నేమో అనుకొని మళ్ళ సూసిండు. రెట్ట వట్టి వరండలకు గుంజిండు.

"ఏంది తమ్మీ ఇది?"

"ఒర్రకు అన్నా, అందరు ఇంటున్నరు. నాకు చెవుడు లేదు."

"పని చేసింది నేను గదరా! ఎండ నాది, వాన నాది..."

"పేరు నాది. తొమ్మిదేండ్లు నా పేరు మీద తిన్నవు. నేనెన్నడన్న కిరాయి అడిగిన్నా?"

"నిన్ను సాదిన గదరా..."

"సాదినవు. అందుకనే పోలీసుల తానకు పోతలేను. నా నడుం సూడు, ఇంకో రెండేండ్లు మోస్తదా మూటలు? నీకైతె వాల్వు తిప్పుడు వచ్చు, ఎక్కడన్న బతుకుతవు."

లోపట ఇంకో తిరకాసు వచ్చింది. మున్సిపాల్టీకి కొత్తగ వచ్చిన పెద్దాఫీసరు రూలు మనిషి. ఈ సోమలింగమే ఇన్నేండ్లు పని చేసిండని, తోటి పనోడొకడు సాక్షి సంతకం పెట్టాలె అన్నడు. బడాబాబు బయటికొచ్చి తలుపు దగ్గరికేసిండు. మొఖం తెల్లగ పాలిపోయింది. ఎందుకంటె దొంగ హాజరు రాసింది ఆయనే గద. ముత్యం మొఖానికి మొఖం పెట్టి ఒక్కొక్క మాట పలికిండు.

"ఇను. నువ్వు సంతకం పెట్టకపోతె సంగతి బయటవడ్తది. దొంగ పేరుతోటి మూడేండ్ల కూలి ఎవడెత్తుకున్నడు? నువ్వు. సంతకాలు ఎవనియి? నీయి. నలబై వేలు వాపస్ కట్టి జేలుకు పోతవు. నేనంటవా, నాకు ప్రముఖ్ సాహెబ్ ఉన్నడు. నీకెవడున్నడు?"

ముత్యం తమ్ముని దిక్కు సూసిండు. తమ్ముడు సముద్రం దిక్కు సూస్తున్నడు.

ఆఫీసరు పెదవులు కదిలినయి. "ఈ మనిషి వాల్వు మీద మూడేండ్లు తెగకుండ పని చేసుడు నీ కండ్లతోటి సూసినవా?"

"సూసిన సాహెబ్," అన్నడు ముత్యం. గోడలు అదిరెటట్టు అన్నడు. ఆఫీసరు చెవులు మూసుకొని నవ్విండు.

కాయితం కింద ముత్యం అని రాసిండు. మూడేండ్లకు తన పేరు తను రాసుకునుడు అదే. అది గూడ సాక్షి అన్న కాడ.

రెండో దినం పొద్దున వాల్వుల తాళం సోమలింగం చేతుల వడ్డది. ఇప్పుడు సూడుండ్రి తమాష. పదకొండు వాల్వులు, అన్నీ ఉప్పుగాలికి తుప్పు పట్టినయి. ఒకటి కుడికి తిరుగుతది, ఒకటి ఎడమకు. చాపలోళ్ళ గల్లీకి ఏడు తిప్పులు, బజారుకు తొమ్మిది, ఐస్ ఫ్యాక్టరీ పైపుకు ముందు సగం ఇప్పి, గాలి పోయినంకనే మిగిలింది. ఇది ఏ బుక్కుల లేదు, ముత్యం చేతులల్ల ఉన్నది.

"అన్నా, ఎన్ని తిప్పుడు?"

ముత్యం రూము ముందర కూసొని బీడి ముట్టిచ్చుకున్నడు. తమ్ముని దిక్కు సూడలే. సూడకపోతె ఈనికి ఏ మాటా ఇనవడది గద. ఆ దినం మొదటిసారి చెవుడు పనికొచ్చింది.

పది గంటలకల్ల గల్లీలల్ల బిందెలతోటి లొల్లి, ఐస్ ఫ్యాక్టరీకి సుక్క నీళ్ళు లేవు. ప్రముఖ్ జీపుల వచ్చి దిగిండు, ఆ డబల్ డీజిల్ జీపే. సోమలింగాన్ని ఎడాపెడా తిట్టి, సంగతంత తెల్సుకొని, పడి పడి నవ్విండు.

"అరే, ఇందుల ఏడ్సుడేముంది? తమ్ముడు సంతకం పెడ్తడు, అన్న తిప్పుతడు. తమ్ముడు జీతంల నుంచి అన్నకు నెలకు ఆరువందలిస్తడు. అన్నకు ఇష్టం లేకుంటె ఇయ్యాలనే రూము ఖాళీ. బోలో, మంజూర్?"

సముద్రం ఒడ్డున ఇంకో కొలువు లేదు, చెవిటోన్ని సాంచాల మీదికి రానియ్యరు. ముత్యం బీడి కాలికింద నలిపి తాళం అందుకున్నడు. సోమలింగం చెమట తుడుసుకుంట రూముల అడుగు పెట్టిండు. భూదేవి చెంబు తెచ్చి వాని ముందర పెట్టింది.

"తాగు మరిదీ. మీ అన్న తిప్పిన నీళ్ళే. ఇయ్యాల్టి సంది మేము నీ రూముల కిరాయికున్నట్టు లెక్క."

"గట్లెందుకంటవు వదినె. కిరాయి నేనడుగుతనా?" అన్నడు సోమలింగం. రూము నాలుగు మూలలు సూస్తనే అన్నడు.

మే ఏడు, జీతాల దినం. సోమలింగం పదిగంటల బస్సుకు దిగిండు. నెలంత రింగ్ రోడ్డుల మూటలు మోసుడు మానలే, ఇక్కడ జీతానికి ఒక్క దినం వస్తె సాలు. వరండల ఊడ్చే ఆడోళ్ళు, గుమస్తాలు, నడుమ తెల్లంగి ఏసుకొని తమ్ముడు. ముత్యం ఆఖరుకు, స్తంభం కాడ నిలవడ్డడు, ఆరువందల కోసం.

బడాబాబు బుక్కు తెరిచి పిలుస్తున్నడు. ముత్యం అలవాటు చొప్పున ఆయన పెదవులే సూస్తున్నడు. అవి గుండ్రంగ అయినయి, మూసుకున్నయి, సాగినయి. సోమలింగం.

ముత్యం చెయ్యి లేసింది. నోరు తెరుచుకున్నది.

"హాజర్ సాహెబ్!"

ఎంత జోరుగ అన్నడంటె బయట గోడ మీది కాకులు లేసినయి. అటెనుక వరండ వరండ అంత నవ్వింది. బడాబాబు నవ్విండు, గుమస్తాలు నవ్విండ్రు, ఆ ఎనమండుగురు ఆడోళ్ళు కొంగులు నోట్లె కుక్కుకొని నవ్విండ్రు. ముత్యానికి ఆ నవ్వు ఇనవడది. తెరుసుకున్న నోర్లు మాత్రం అన్నీ కనవడ్డయి. చెయ్యి ఇంక పైననే ఉన్నది.

సోమలింగం సంతకం పెట్టి, జీతం లెక్కవెట్టుకొని, అన్న ముందరికి వచ్చి నిలవడ్డడు. నోట్లు తీసి ఈని జేబుల పెట్టిండు. అయిదువందల యాభై.

"యాభై తక్కువున్నయి తమ్మీ."

"అందరి ముందర ఇజ్జత్ తీసినవు గద," అన్నడు సోమలింగం, అన్నకు పెదవులు సాఫ్ కనవడెటట్టు. "చెయ్యి దించు. నీళ్ళ టైమయితున్నది, పో."