నీలం తిరిగిన కణాలు

నేను వంటింట్లో ఆనపకాయ తొక్క తీస్తున్నాను. వరండాలో మా అత్తగారు మంగాయమ్మ పక్క క్వార్టర్ అప్పయమ్మ పిన్నితో నా గురించి చెబుతోంది. "మా తనూజకి నోరే నేదమ్మా. బంగారం." పెళ్లైనప్పట్నించీ వింటున్న మెచ్చుకోలే. ఈరోజు మాత్రం ఒళ్లు మండింది.

యూనివర్సిటీ ల్యాబులో నా పరిశోధన ప్రొపోలిస్ మీద. తేనెటీగలు చెట్ల బంక తెచ్చి పెట్టెల సందులు మూయడానికి పూసే జిగురు అది. ఊరవతల గతౌరా పల్లె వైపు తేనెపెట్టెలు పెట్టుకున్నవాళ్ల దగ్గర గీకి తెచ్చుకుంటాను. మనిషి రక్తంలోంచి రోగాలతో పోరాడే తెల్లకణాలు వేరుచేసి, వాటిని రెచ్చగొట్టి, ఈ జిగురు సారం కలుపుతాను. కలిపితే కణాలు నెమ్మదించాయి, వాపు తెప్పించే రసాయనాలు వదలడం తగ్గించాయి. మోతాదు పెంచితే అసలు చప్పుడే లేదు. మా గైడు చంద్రమౌళి సార్ మురిసిపోయారు. "ప్రకృతి మందమ్మా, భయమేముంది!" రేపు సెమినార్లో అదే చెప్పబోతున్నారు, నేను చేసిన స్లైడ్లతో. సీసాల్లో పోసి అమ్ముతామంటూ ఒక కంపెనీవాళ్లు కూడా వస్తున్నారు.

నాకే మనసు ఆగలేదు. నిన్న వాటికి నీలిరంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. బతికున్న కణం ఆ రంగును లోపలికి రానివ్వదు. ఎక్కువ మోతాదు పడ్డవి దాదాపు అన్నీ నీలంగా ఉన్నాయి. శాంతించలేదు, చచ్చిపోయాయి. మళ్లీ చేశాను, మళ్లీ నీలమే. ఆ ఫోటోలతో ఒక స్లైడ్ చేసి సార్‌కి చూపిస్తే, "తర్వాత చూద్దాం, ఆ స్లైడ్ తీసెయ్" అన్నారు.

మా ఆయన వేణుగోపాల్ రైలింజన్ల షెడ్ డ్యూటీ నించి వచ్చి, టీ తాగుతూ ఇదంతా విన్నాడు. "అచ్ఛా, తీసెయ్ మరి. నోరు మూసుకుంటే నీకేటి పోతాది? పీహెచ్‌డీ చేతికొచ్చే ముందు ఈ గోల దేనికి? చక్కెర తక్కువైంది." నన్నడక్కుండానే నా చేతులు చక్కెర డబ్బా తీశాయి. నా మీద నాకే అసహ్యం వేసింది.

కూర మూత తీస్తాను, పెడతాను, ఉప్పు వేశానో లేదో గుర్తులేదు. ప్రకృతిదే కదా అని ఏ ముసలావిడో ఆ సీసా కొని చెంచా మీద చెంచా తాగితే? గాజుపళ్లెంలో చచ్చిన కణం మనిషి ఒంట్లోనూ చస్తుందని నేననను. తెలీదు. తెలీదన్న మాటైనా చెప్పాలి కదా! చప్పుడు లేకపోతే ఇంట్లో బంగారం అన్నారు, ల్యాబులో గుణం అన్నారు. రంగు వేసి చూసినవాళ్లే లేరు.

ఫోన్ మోగింది. సారే.

"స్లైడ్ తీసేశావా అమ్మా?"

"లేదు సార్. మొదట్లోనే పెట్టాను."

"రేపు మాట్లాడేది నేను తనూజా. నువ్వు కూర్చుంటే చాలు."

వరండాలో మాటలు ఆగిపోయాయి. వేణు గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. నేను అటు వీపు తిప్పాను.

"దాతలు దొరక్కపోతే నా రక్తమే ఇచ్చాను సార్. చచ్చినవి నా కణాలు. వాటి సంగతి నేనే చెప్తాను."