గుంత చుట్టూ తెల్ల గీత

ఇనుప పలక పక్కకి జరగగానే లొరెటా చేతిలో పార ఆగిపోయింది. గుంత చుట్టూ తెల్లరంగు గీత, పక్కన ‘ఫిబ్రవరి 9’. ఆ అంకెలు ఆమె వేసినవే.

మిషిగన్‌లోని ఆ చిన్న ఊళ్లో గుంత కనబడిన రోజే రోడ్డు కూలీలు గీత గీసి తేదీ వేస్తారు. ముప్పై రోజుల్లో సరిగా పూడ్చకపోతే, అందులో పడ్డవాడికి ఊరి కార్యాలయం జవాబు చెప్పాలి. లొరెటా తమ్ముడు టెడ్ పడింది మార్చి 28న. రొట్టెల దుకాణంలో పనికి సైకిల్ మీద పోతుంటే, కింద పైపు కారి డొల్లబడ్డ రోడ్డు ఈ గుంత దగ్గరే కుంగిపోయింది. తుంటి విరిగి మంచాన ఉన్నాడు, ఊరి కార్యాలయం మీద కోర్టులో కేసు వేశాడు. ఆ రోజే గుంత మీద పలక కప్పేశారు.

ఫిబ్రవరిలో గుంత నిండా మంచునీళ్లుండగానే తారుముద్ద పడేసి లారీతో తొక్కించమన్నది సూపర్‌వైజర్ క్రెయిగే. ముందు ఆరబెట్టాలనీ, అడుగు చూడాలనీ లొరెటాకి తెలుసు. గంటకి పందొమ్మిది డాలర్ల పని పోతుందని నోరు మూసుకుంది. మూడో రోజుకే ఆ ముద్ద ఊడిపోయింది. అప్పటి తన మౌనం గుర్తొస్తే ఆమెకి సిగ్గేస్తుంది, క్రెయిగ్ గుర్తొస్తే ఒళ్లు మండిపోతుంది.

చలికాలమంతా దొరకదన్న వేడి తారు ఇవాళ లారీ నిండా వచ్చింది.

“పన్నెండుకల్లా అంచులతో సహా కప్పేసి రోలర్ తిప్పెయ్యండి,” అన్నాడు క్రెయిగ్, కారు దిగకుండానే.

“ఒంటిగంటకి గుంత చూడ్డానికి కోర్టు మనిషి వస్తున్నాడు కదండీ. చూసి పోయాక పూడుస్తాం.”

“మీ తమ్ముడు కళ్లు తెరుచుకుని తొక్కి ఉంటే ఈ గోలే లేదు. పని చూడు.”

లొరెటా పార విసిరేసింది. గుంతలోకి దిగి నిలబడింది.

“పోయించు. నా మీదే పోయించు. నువ్వు కోర్టులో నీళ్లు నములుతుంటే ఎదురుగా కూర్చుని చూడాలి నేను. అందాకా ఇక్కణ్ణించి కదలను.”

“ఏంటీ, నన్నే ‘నువ్వు’ అంటున్నావా? ఓటిస్, లారీ వెనక్కి, గుంత దాకా తియ్!”

డ్రైవర్ ఓటిస్ తల గోక్కున్నాడు. “నాకు పెన్షన్‌కి ఇంకా పదకొండు నెలలేనమ్మా లొరెటా. నన్నెందుకు ఇరికిస్తావు? ఓ ఫొటో తీసుకుని బయటికి రా.”

“ఫొటో దొంగదంటారు అన్నా. ఆ కోర్టాయన తన కళ్లతో చూడాలి. తేదీ వేసింది నేనే, ముద్ద పడేసిందీ నేనే. రెండూ చెప్తాను.”

ఓటిస్ గుంత వైపు చూశాడు, క్రెయిగ్ వైపు చూశాడు. ఇంజన్ ఆపేసి, తిండి డబ్బా తీసుకుని రోడ్డు పక్కన కూర్చున్నాడు.

“నాకు ఆకలేస్తోంది సార్,” అన్నాడు.

క్రెయిగ్ ఫోన్‌లో ఎవరి మీదో అరుస్తున్నాడు. లారీలో తారు పొగలు తగ్గి పైన పెచ్చు కడుతోంది; గట్టిపడితే ఇక పొయ్యడానికి పనికిరాదు. పన్నెండూ ఇరవై అయింది. లొరెటా కాళ్ల కింద కంకర కాస్త జారింది. ఆమె కదల్లేదు.