ఇంటి మనిషికే వాలే గడ్డి

కద్మాలోని స్టీలు ప్లాంటు క్వార్టర్లో నూకాలమ్మకి సాయంత్రం పూట గడియారంతో పని లేదు. మామిడిచెట్టు నీడలో ఇంకేదీ బతకడం లేదని నర్సరీ నుంచి మోండో గడ్డి తెచ్చి వేసింది. జుట్టులా సన్నటి ఆకులు, ముదురాకుపచ్చ రంగు. ఎండాకాలంలోనూ వాడదు, కత్తిరించే పని లేదు. భర్త పోలరాజు ప్లాంటు గేటు దాటి సైకిలెక్కితే చాలు, గడ్డంతా అటువైపు వాలుతుంది. కొడుకు హరికిరణ్ ఏటవతల ఆదిత్యపూర్లో పని ముగించి బయల్దేరితే ఖర్కాయ్ ఏటి వైపు వాలుతుంది. అది చూసి ఆవిడ టీ పెడుతుంది. చుట్టాలొస్తే వాలదు. ఇంటి మనిషికే.

"మీ గడ్డి వాలిందా నూకాలమ్మగారూ? మా ఆయనా మీ ఆయనతోనే వస్తాడు, అన్నం పడేస్తాను" అని పక్కింటి బాలకుమారి గోడ మీంచి అడిగేది.

కోడలు హిమబిందు సోనారి ఆస్పత్రిలో నర్సు. పెళ్ళయి ఏడాది కావస్తోంది. డ్యూటీ నుంచి వచ్చి గేటు తీస్తే గడ్డి నిటారుగా ఉండేది. మొదట్లో నవ్వుకుంది. తర్వాత్తర్వాత అటు చూడకుండా లోపలికి వచ్చేసేది.

నూకాలమ్మకి అది తెలుసు. ఏం చెప్పాలో తెలీదు, మాటలు తక్కువ మనిషి. ఏడాది తిరిగేదాకా కొత్త కోడలు మట్టి ముట్టకూడదని వాళ్ళమ్మ నేర్పిన ఆచారం. బిందు నీళ్ళ పైపు పట్టుకున్నా ఈవిడ లాక్కునేది. "నువ్వెళ్ళి కూకో అమ్మా" అనేది. అది ఆవిడ ముచ్చట. బిందుకి ఇంకోలా అర్థమైంది.

ఒకరోజు అన్నాల దగ్గర చెప్పింది. "అత్తా, మా ఆస్పత్రివాళ్ళదే రూర్కెలాలో ఇంకోటుంది. హాస్టలు కూడా ఇత్తారంట. ఎల్తానో లేదో రేపు సాయంత్రంలోగా చెప్పాలి."

హరికిరణ్ మజ్జిగ గిన్నె తన ముందుకి లాక్కున్నాడు.

"ఇక్కడేటి కష్టం?" అన్నాడు పోలరాజు.

"కష్టమేటీ లేదు మామయ్యా. ఇంటి మనిషినైతే గడ్డికి తెలిసుండేది."

మర్నాడు పొద్దున్నే నూకాలమ్మ ఒక కుదురు పెకిలించి, వేళ్ళు తెగకుండా పాయలుగా విడదీసింది. డ్యూటీకి వెళ్తున్న కోడల్ని పిలిచింది.

"నాటు."

"ఏడాది కాలేదు కదత్తా."

"మా అమ్మకి నేను సెప్పుకుంటాలే. మొదలు పూడ్చీకు, కుళ్ళిపోద్ది. జానెడు దూరం పెట్టు."

బిందు బ్యాగు గోడ మీద పెట్టి, గొంతుక్కూర్చుని నాటింది. "మరిన్నాళ్ళూ ఎందుకు ముట్టనివ్వలేదు?"

"నీ సేతులు మోటుబడిపోతాయని."

"ఆస్పత్రిలో నేను బెడ్‌పాన్లు కడుగుతానత్తా."

నూకాలమ్మ కోడలి చేతులు తిప్పి చూసింది. "ఆ మాట ముందే సెప్పాలి గదా" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఆ సాయంత్రం బిందు ఆటో దిగి గేటు దగ్గర ఆగిపోయింది. నాటిన నాలుగు పాయలే కాదు, మామిడి కింద గడ్డంతా సోనారి వైపు వాలి ఉంది, దువ్వెనతో దువ్వినట్టు. అక్కడే నిలబడి ఫోన్ తీసింది.

"మేడం, రూర్కెలాకి ఇంకెవర్నయినా పంపండి. నేను సోనారిలోనే ఉంటాను."

అప్పుడే రెండోవైపు నుంచి పోలరాజు సైకిలు మీద వచ్చి, గడ్డి చూసి దిగిపోయాడు.

"ఇదేటే నూకాలూ, నేనొత్తంటే నాకు వీపు సూపిత్తంది?"

నూకాలమ్మ గుమ్మంలోకి వచ్చింది. "నువ్వు పాతబడిపోనావు. సైకిలు పక్కకి తియ్యి, పిల్లకి దారడ్డు."