మగ్గం గుంతలో ఈస్టు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు. మద్రాసులో శేషన్న పనిచేసే కాలేజీకి వేసవి సెలవులిచ్చారు. అక్కడ అతను పరిశోధన కోసం పెంచే ఈస్టుకు సెలవులుండవు కదా. దాన్ని చూసుకునే దిక్కులేక, అది పెరిగే గాజు గొట్టాలన్నీ తడిగుడ్డలో చుట్టుకుని కడప రైలెక్కి, సొంతూరు మాధవరంలో ఇంటికొచ్చి పడ్డాడు. ఆ ఎండల్లో ఇంట్లో చల్లగా ఉండే చోటు అమ్మ నాగక్క కాళ్ళు దించుకుని నేసే మగ్గం గుంత ఒక్కటే. కల్లును పొంగించే జీవి అంటే ఆమె గుమ్మం దాటనివ్వదు. అందుకని "కాలేజీ గంజి" అని చెప్పి గుంతలో ఓ మూల పెట్టాడు.

మూడేళ్ళుగా ఆ ఈస్టును పట్టుకుని వేలాడుతున్నాడు. అందులో ఒక అవిటిది దొరికింది. తోటివన్నీ తినే ఒక రకం చక్కెర దానికి అరగదు. దాన్ని మంచిదానితో జతకలిపితే పుట్టిన నాలుగు పిల్లల్లో రెండు తిన్నాయి, రెండు తినలేకపోయాయి. అంటే ఆ పని ఒక్క జన్యువు చేతిలో ఉందన్నమాట. మనుషుల్లో ఇది తేలాలంటే తరాలు గడవాలి, ఈస్టులో వారాలు చాలు. "ఇంకోసారి చేసి చూపించు, నమ్ముతాను" అన్నాడు ప్రొఫెసరు. చూపించాలంటే ఆ అవిటిది బతికుండాలి. అది ఉన్నది ఈ గొట్టాల్లోనే.

వాటి మేతకు కరువొచ్చింది. చక్కెర ఇంకా రేషనులోనే ఉంది. శేషన్న కడపకు పోయి, వాళ్ళ కాళ్ళూ వీళ్ళ గడ్డాలూ పట్టుకుని, పిడికెడు సంపాదించుకుని పొద్దువాలేసరికి ఇల్లు చేరాడు.

గుంతలో గొట్టాలు తళతళలాడుతున్నాయి. లోపల ఈస్టుకు మేతగా పోసిన జిగురు నున్నగా పేరుకుని ఉంది. దాని మీద తెల్లటి పొరలా పెరిగిన ఈస్టు లేదు.

"గుంతలోకి దిగితే సూసినా," అంది నాగక్క, నూలు కండె చుడుతూనే. "నీ గంజంతా బూజు పట్టిండాదప్పా. ఈ ఎండలకు మేం పడుగు నూలుకు పెట్టే గంజీ అట్లే అయితాది. మళ్ళా బాగా కాంచి, మూతుల్లో దూది మార్చి పెట్టినా."

శేషన్నకు కోపం రావాల్సింది. రాలేదు. ఏడుపూ రాలేదు. మూడేళ్ళ అలసట ఒక్కసారిగా మీద పడి, అక్కడే గుంత అంచున చతికిలబడ్డాడు. గంజి అన్నది తనే. చెడిన గంజిని నేతవాళ్ళు ఏం చేస్తారో తెలియనివాడూ కాడు.

కాగే గొట్టాలు పట్టుకున్నందుకు ఆమె వేళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి.

"శానాసేపు కాంచినా," అంది. "మళ్ళా చెడిపోదు గదప్పా?"

"లేదుమా," అన్నాడు శేషన్న. "ఇంక చెడిపోదు."