కాయ ముట్టకముందే

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్ మీద పరిశోధన చేసే డాక్టర్ లక్ష్మీదుర్గ, గుంటూరులో మిరప తొడిమలు తీసే నలభై మంది ఆడకూలీలకు మధ్యాహ్నం అన్నాలప్పుడు తలా ఒక దూదిపుల్ల ఇచ్చింది. అక్కడే కట్టిన తెర చాటుకెళ్ళి, ఎవరి నమూనా వాళ్ళే యోనిలోంచి తీసుకోవాలి. సాయంత్రానికి ఒక్కరూ కవరు విప్పలేదు. ఎందుకో చెప్పడానికి సిగ్గు.

ఈమె కూడా తిట్టి పోతుందిలే అనుకుంది ముఠా మేస్త్రి కోటిరత్నం. డాక్టరు తిట్టలేదు సరికదా, మర్నాడు కోటిరత్నం పక్కనే గోనె పరుచుకుని పొద్దుగూకేదాకా తొడిమలు తీసింది. చెమట తుడుచుకోబోయి కంట్లో చెయ్యి పెట్టుకుని కెవ్వుమంది.

కోటిరత్నం నీళ్ళు కొడుతూ అంది: “కంటికే ఇంత మంటైతే, ఆ చేత్తో అక్కడెట్టా ముట్టుకుంటాం డాక్టరమ్మా?”

“ఇన్నేళ్ళ చదువుకీ ఇది తట్టలేదమ్మా. తప్పు నాదే.”

మూడోనాడు పొద్దున్నే, ఎవరూ కాయ ముట్టకముందే డాక్టరు దూదిపుల్లలతో వచ్చింది. నిన్నటి కారానికి వేళ్ళు వాచి, పేర్లు రాయడానికి పెన్ను పట్టలేకపోతోంది. కోటిరత్నం ఆ వేళ్ళకేసి చూసింది.

“ఏమే, చూస్తా కూర్చున్నారేం? లెగండి!” అని ముఠాని కేకేసి, మొదటి దూదిపుల్ల తనే తీసుకుని తెర వెనక్కి నడిచింది.