సొరుగులో దువ్వెన

పురిటి సెలవు మీద వెళ్ళిన టీచరు స్థానంలో వచ్చిన ఆవిడను పిల్లలు మొదటిరోజే బదులు టీచరన్నారు. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఉన్న మాటకు ఉలుకెందుకు?

మూడో తరగతి ముందు బెంచీలో ఒక పిల్ల ఉండేది. దాన్ని అందరూ 'పిచ్చుకగూడు' అనేవాళ్ళు. తల అలా ఉండేది మరి. తల్లి పోయి ఏడాది. తండ్రి రాత్రి డ్యూటీ చేసి తెల్లారి వచ్చి పడుకునే మనిషి; జడ వెయ్యడం ఆయనకెక్కడ తెలుస్తుంది పాపం. ఒకరోజు గంట కొట్టకముందే టీచరు ఆ పిల్లను కుర్చీ దగ్గరికి పిలిచి, సంచిలోని దువ్వెన తీసి, చిక్కులు విప్పి రెండు జడలు వేసింది. అంతే, ఇక రోజూ అదే పని. దువ్వెన బల్ల సొరుగులోనే ఉండిపోయింది. జడ వేస్తున్నంతసేపూ పిల్ల ఇంటి కబుర్లన్నీ చెప్పేది. టీచరుకు పిల్లాజెల్లా లేరు. నిజం చెప్పొద్దూ, ప్రాణమే పెట్టేసుకుంది.

పెద్ద టీచరు ఊరుకుంటుందా? గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"తప్పు పట్టడం లేదమ్మా. వచ్చే నెల నువ్వు వెళ్ళిపోతావు. అప్పుడు ఆ పిల్ల గతేంటి? మిగతా పిల్లలు చూడటం లేదా? నువ్వు టీచరువి. అంతవరకే ఉండు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

సరే, మానాలి. మానేముందు ఆ పసిదాన్ని కూచోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పొద్దూ? చెప్తే తనకే ఏడుపొస్తుందని భయం. మర్నాడు పిల్ల వచ్చి అలవాటుగా వీపు తిప్పి నిలబడితే, తలెత్తకుండా పుస్తకాలు దిద్దుతూ, "జడ ఇంట్లో వేయించుకుని రావాలమ్మా. ఇక్కడ కుదరదు. వెళ్ళి కూచో" అంది.

పిల్ల కాసేపు అలాగే నిలబడి, వెళ్ళి కూచుంది.

తర్వాతి రోజు మళ్ళీ గంట కొట్టకముందే వచ్చింది. టీచరు తలెత్తి చూసింది. జడల్లేవు. ఒక చెవి పక్క పొడుగ్గా, ఇంకో పక్క గుండుకు దగ్గరగా, మెడ మీద మెట్లు మెట్లుగా, కత్తెర ఎటు పోతే అటు కత్తిరించేసుకుంది.

"నేనే చేసుకున్నా టీచర్" అంది గొప్పగా. "నాన్న నిద్రపోతున్నారు. ఇంక మీకు పనుండదు. ఊరికే పక్కన నిలబడి కబుర్లు చెప్పొచ్చా?"

టీచరు చెయ్యి ఆ తల మీదికి వెళ్ళబోయి ఆగింది. గుమ్మంలో పిల్లలు మూగి నవ్వుతున్నారు. దగ్గరికి తీసుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది. తీసుకుంటే వచ్చే నెల ఆ పిల్లకు మళ్ళీ తల్లి పోయినంత పని.

"తప్పు నీ జుట్టుది కాదమ్మా" అంది.

"మరి ఎవరిది టీచర్?"

గంట కొట్టారు. పిల్ల మెడ తడుముకుంటూ తన బెంచీకి వెళ్ళిపోయింది.

టీచరు హాజరు పట్టీ కోసం సొరుగు లాగితే దువ్వెన ముందుకు జారింది. దాని పళ్ళలో ఇంకా ఆ పిల్ల పొడుగాటి వెంట్రుకలున్నాయి.